ఆరు రోజుల బండీ, ఆదివారపు బండీ

పోయిన నెల యీ పుటలో ఊరగాయ జాడీలను గురించి వ్రాసినందుకు నలుగురు ఆడవారు మెచ్చుకొని కబురు పంపారు. మగవారు మాత్రం "గుమాస్తాకు వంటింట్లో యేం పని?" అన్నారట. సరే, యీ నెల వారు తిరిగే వీధిలోకే వస్తున్నాను. విషయం కారు. అందులోనూ స్పోర్ట్సు కారు. ఇరవై యేళ్ళుగా సిటీబస్సులో ఆఫీసుకు పోయే మనిషికి స్పోర్ట్సు కారు సంగతి యెందుకని నవ్వకండి. మూడు నెలలపాటు మా యింట్లో యీ మాట తప్ప మరో మాట లేకపోయింది. మీ యింట్లోనూ పాతికేళ్ళ కొడుకో, మేనల్లుడో వుంటే, నేడు కాకపోతే రేపు మీ గుమ్మంలోకీ యీ మాట వస్తుంది.

మా అక్క కొడుకు యిక్కడే కోయంబత్తూరులో ఒక పంపుల కర్మాగారంలో డ్రాయింగులు వేస్తాడు. బావ మిల్లులో ఫిట్టరుగా వుండి రిటైరయ్యాడు. వాడు నాలుగేళ్ళు జీతంలో మిగిల్చి మూడు లక్షలు కూడబెట్టాడు. బావ తన గ్రాట్యుటీ సొమ్ములో నుంచి మరో నాలుగు లక్షలు యిస్తానన్నాడు. మొత్తం ఏడు లక్షలు. ఆ సొమ్ముకు ఒక కారే వస్తుంది గాని రెండు రావు. తగవంతా అక్కడే పుట్టింది.

అక్క కోరినది నాలుగు తలుపుల బండి. బావ మోకాళ్ళు వంగవు గనుక సీటు కాస్త ఎత్తుగా వుండాలి. మధురలో పెద్దన్న దగ్గర వున్న మా అమ్మను నెలకొకసారి చూచి రావాలి. మావాడు కోరినది వేరు. సెకండుహ్యాండులో ఫోక్స్‌వాగన్ పోలో, అందులోనూ 1.2 లీటర్ల టర్బో ఇంజను వున్నది. "ఇప్పుడు ఆఫీసుకు నడుపుకుంటాను మామా, తరువాత కొంచెం కొంచెంగా ట్రాకుకు తగినట్టు మార్చుకుంటాను. ఒకే బండి, రెండు పనులు" అన్నాడు. తీర్పు చెప్పమని యిద్దరూ నా దగ్గరకు వచ్చారు. నాకు కార్లు తెలుసునని కాదు, లెక్కలు తెలుసునని.

ముందు ఒక మాట. పోలోను స్పోర్ట్సు కారు అనవచ్చునా అని తెలిసినవారు అడుగుతారు. నిజమైన రెండు సీట్ల స్పోర్ట్సు కార్లు మన దేశంలో కోటికి అటూ యిటూగా వుంటాయి. జపానువారి మాజ్డా ఎం.ఎక్స్.-5 అనే తేలికపాటి రెండు సీట్ల బండి 1989 నుంచి ప్రపంచమంతా అమ్ముడుపోతున్నది గాని మనవారికి అది బొమ్మల్లో చూచే బండే. అందుచేత మన పిల్లలు స్పోర్ట్సు కారంటే చిన్న ఒళ్ళూ చురుకైన ఇంజనూ గల బండినే అనుకుంటారు. పోలో అటువంటిదే. 105 హార్సుపవరు, బరువు 1100 కిలోల చిల్లర. మన దేశంలో 2010లో మొదలై 2022లో తయారీ ఆగిపోయింది. వచ్చిన యేడే ఆ కార్లతో పందేల పోటీ కూడా పెట్టారు. కనుక మావాడి ఆశకు ఆధారం లేకపోలేదు.

ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. యంత్రాల పిచ్చి యీ ఊరి నీళ్ళలోనే వున్నది. మన జి.డి. నాయుడుగారు 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టారు. కుర్రతనంలో ఒక దొర మోటారుసైకిలు చూచి మనసుపడి, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి దాన్నే కొన్నారనీ, విప్పి మళ్ళీ బిగించారనీ మన పెద్దలు కథగా చెప్పుకునేవారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య వ్యాపారం మొదలుపెట్టారు. ఆ బస్సును తామే నడిపేవారు. ఆ తరువాతి తరంలో జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచారు. వారి కుమారుడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన మొదటి భారతీయుడయ్యాడు. ఇటువంటి ఊళ్ళో పుట్టిన పిల్లవాడు కారు చూచి కదలకపోతేనే వింత.

వాదనకు మావాడు లోటస్ సెవెన్ అనే ఇంగ్లీషు బండిని తెచ్చాడు. 1957లో వచ్చిందట. శనివారం దానిలోనే పందెం మైదానానికి పోయి, పందెం వేసి, దానిలోనే యింటికి వచ్చేవారట. "చూచావా, ఒకే బండి రెండు పనులు చేసింది గదా" అన్నాడు. బొమ్మ చూపించమన్నాను. చూపించాడు. దానికి సరైన తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు, వెనుక సీటు లేనే లేదు. "మీ నాన్న యెక్కడ కూర్చుంటాడురా?" అన్నాను. సమాధానం లేదు. రెండు పనులూ చేసే బండి లోకంలో వున్నది. కాని అది రెండో పనికోసం మొదటి పనిలో చాలా వదులుకున్న బండి.

అప్పుడు నేను మన ఊరి సంగతే ఒకటి గుర్తుచేశాను. ఎస్. కరివర్ధన్ యీ ఊరి మిల్లుల కుటుంబంలో పుట్టినవారు. స్వయంగా పందెగాడు, కార్లు కట్టిన చేయి. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల పట్టీ మీద పందేలు జరిగే రోజుల్లో ఆయన పేరు మారుమ్రోగింది. 1988లో ఆయన ఒకే మనిషి కూర్చునే పందెపు బండి తయారుచేసి, మారుతి 800లో వుండే 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజనును దానిలో పెట్టారు. నరైన్ కూడా మొదట పందెం వేసినది ఆ ఫార్ములా మారుతిలోనే. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ పోయారు. చెట్టిపాళెంలో వున్న రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. దీనిలో నాకు తోచిన నీతి యిది. ఆయన బజారులో దొరికే ఇంజనునే తీసుకున్నారు, కాని బజారులో తిరిగే కారును పందెపు బండిగా మార్చలేదు. పందేనికి పందెపు ఒళ్ళు వేరే కట్టారు. రోడ్డు మీది మారుతి రోడ్డు మీదనే వుండి పిల్లలను బడికి చేర్చింది.

మావాడు మెత్తబడలేదు. "నీకు బండి మీద ఆశ అంటే యేమిటో తెలియదు మామా" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్ళు వాడికి చెప్పని సంగతి అప్పుడు చెప్పవలసి వచ్చింది.

1998లో నాకు ఇరవై యేళ్ళు. మధురలో సిమ్మక్కల్ దగ్గర ఒక సందులో వుండేవాళ్ళం. నా దగ్గర సెకండుహ్యాండు యమహా ఆర్.ఎక్స్. 100 వుండేది. 98 సి.సి., 11 హార్సుపవరు. అది చాలక, ఒక షెడ్డులో ఇచ్చి సిలిండరు పోర్టులు అరగదీయించాను, సైలెన్సరు లోపలి గొట్టం తీయించాను, కార్బురేటరుకు పెద్ద జెట్టు వేయించాను. తెల్లవారుజామున వైగై గట్టు రోడ్డున అది కూత పెట్టి పోతుంటే నన్ను మించిన మొనగాడు లేడనుకునేవాణ్ణి. నెమ్మదిగా నడిపితే మాత్రం ప్లగ్గు ఆయిలుతో తడిసి ఆగిపోయేది. నెమ్మదిగా నడపవలసిన పని నాకేముంది అనుకున్నాను.

ఆ కార్తికమాసంలో అక్క తొలి కాన్పుకు మా యింటికి వచ్చింది. రాత్రి రెండు గంటలకు నొప్పులు మొదలయ్యాయి. జల్లు పడుతున్నది. ఆటో పిలుచుకురమ్మని నాన్న నన్ను లేపారు. బండి కిక్కు కొట్టాను. ఇరవైసార్లు, ముప్ఫైసార్లు కొట్టాను. ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ కొట్టాను. అది అందుకోలేదు. లోపల అక్క అరుపులు వినిపిస్తున్నాయి. చివరికి బండిని వాననే వదిలి, చెప్పులు లేకుండా సిమ్మక్కల్ మలుపు దాకా పరుగెత్తి ఆటో తెచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లవారేసరికి మగపిల్లవాడు పుట్టాడు. కాని ఆ పావుగంట నాకు యిప్పటికీ కలలోకి వస్తుంది. నాన్న తిట్టలేదు. "నీ బండి పందెం గెలుస్తుందేమోరా, యింటికి మాత్రం అక్కరకు రాలేదు" అన్నారు. అంతే.

ఆ పుట్టినవాడే యీ మావాడు. కథ విని కాసేపు ఊరుకున్నాడు. తరువాత "జెట్టు యే నంబరు వేశావు మామా?" అన్నాడు. అక్క నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం నవ్వు వచ్చింది. వాడు నా మేనల్లుడే, సందేహం లేదు.

అప్పటినుంచి తగవు మాని లెక్క వేశాము. ఆఫీసులో జమాఖర్చుకు గీసినట్టు ఒక కాగితం మీద మూడు గడులు గీశాను. కారుకు చేసే మార్పులు యే గడిలోకి వస్తాయో వాణ్ణే వ్రాయమన్నాను.

మొదటి గడి: రోడ్డుకూ ట్రాకుకూ రెంటికీ పనికివచ్చేవి. మంచి టైర్లు, సరైన గాలి, కొత్త బ్రేకు ఆయిలు, మంచి రోడ్డు ప్యాడ్లు, నిటారుగా కూర్చుని చేతులు అందేట్టు సర్దుకున్న సీటు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, పాతబడితే వేడికి త్వరగా మరిగి పెడలు మెత్తబడుతుందనీ వాడే నాకు చెప్పాడు. ఇవి చేయటానికి బండి రూపం మార్చనక్కరలేదు.

రెండో గడి: ట్రాకుకు మాత్రమే పనికివచ్చేవి. గట్టి స్ప్రింగులు, కిందికి దించిన ఒళ్ళు, వెనుక సీటు తీసివేయటం, లోపల ఇనుపగొట్టాల పంజరం, వేడెక్కితేగాని పట్టని పందెపు ప్యాడ్లు. ట్రాకు మీద ఇవి ప్రాణాలు కాపాడుతాయి. రోడ్డు మీద ఇవే ఇబ్బంది. పందెపు ప్యాడు చల్లగా వున్నప్పుడు సరిగా పట్టదు. మన వీధిలో తెల్లవారి మొదటి బ్రేకు వేసేది పాలవాడి సైకిలు అడ్డువచ్చినప్పుడు. ఇనుప పంజరం హెల్మెట్టు పెట్టుకున్నవాడికి కవచం. హెల్మెట్టు లేకుండా ఆఫీసుకు పోయేవాడి తలకు అది పక్కనే పొంచివున్న గునపం. స్పీడు బ్రేకరు నియమం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు వుండాలి. మన పేటల్లో కట్టేవి యే కొలతకూ లొంగవు. కిందికి దించిన కారు వాటి మీద పొట్ట రాచుకుంటూ పోవలసిందే.

మూడో గడి: రెంటికీ పనికిరానివి. చప్పుడు సైలెన్సరు, పెద్ద రెక్క, చారల స్టిక్కర్లు. ఈ గడి నింపుతుంటే వాడు సిగ్గుపడ్డాడు. ఇంజను కంప్యూటరు లెక్కలు మార్చి టర్బో వత్తిడి పెంచటం యే గడి అని చాలాసేపు కొట్టుకున్నాము. బలం పెరుగుతుంది, నిజమే. దానితో వేడీ పెరుగుతుంది, గేరుబాక్సు మీద భారమూ పెరుగుతుంది. సెకండుహ్యాండు బండిలో ఆ భారం యెంత మోయగలదో యెవరూ హామీ యివ్వరు. చివరికి రెండో గడిలో వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టాము.

కాగితం అడుగున నేను చట్టం సంగతి చేర్చాను. బండి రిజిస్ట్రేషనులో వున్న రూపానికి విరుద్ధంగా మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే యేడు సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్స్యూరెన్సు కాగితం చివరి పుట చదివేవారు తక్కువ. అక్కడ పందేలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని స్పష్టంగా వుంటుంది. గ్రాట్యుటీ సొమ్ముతో కొన్న బండి ట్రాకు గోడకు తగిలితే ఆ సొమ్ము అక్కడితో సరి.

ఇంత వ్రాసినా, కాగితం కాగితమే. చూడకుండా తీర్పు చెప్పటం న్యాయం కాదని ఒక ఆదివారం మావాడితో చెట్టిపాళెం పోయాను. సొంత కార్లు తెచ్చి రుసుము కట్టి నడిపే రోజు అది. మావాడి స్నేహితుడికి సరిగ్గా వీడు కోరిన పోలోనే వున్నది. నేను చెట్టు కింద మజ్జిగ సీసాతో కూర్చున్నాను. ఆ పిల్లవాడు మూడు చుట్లు అందంగా తిప్పాడు. నాలుగో చుట్టులో మాడు వాసన వచ్చింది. బ్రేకు పెడలు మెత్తబడి కిందికి పోతున్నదని లోపలికి తెచ్చి చల్లారబెట్టాడు. టైర్ల అంచులు బొప్పాయి చెక్కు తీసినట్టు లేచివున్నాయి. ఒక్కొక్కటి ఏడెనిమిది వేలట. మర్నాడు ఆ పిల్లవాడు ఆఫీసుకు బస్సులో పోయాడని తెలిసింది.

మావాడికి ఆ సాయంత్రం శిక్షకుడు ప్రక్కన కూర్చుని అయిదు చుట్లు తిప్పించాడు. మలుపుకు ముందే బ్రేకు ముగించాలనీ, చూపు బానెట్టు మీద కాక మలుపు చివర వుండాలనీ, స్టీరింగును లాగక త్రిప్పాలనీ చెప్పాడు. దిగినప్పుడు మావాడి చొక్కా తడిసి ముద్దయింది, ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వున్నది. తిరిగి వచ్చేటప్పుడు సింగానల్లూరు దాకా మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మామా, కారు చాలలేదని నాకు యెక్కడా అనిపించలేదు. నేనే కారుకు చాలలేదు."

ఆ ఒక్క మాటతో సగం లెక్క తేలిపోయింది. మిగతా సగం డైరీ తేల్చింది. కారు వుంటే యే రోజు యే పనికి వాడేవాడివో నెల రోజులు వ్రాయమన్నాను. నిజాయితీగా వ్రాశాడు. ఆఫీసుకు 25 రోజులు. బావను మోకాళ్ళ డాక్టరు దగ్గరకు 2 సార్లు. మధురకు ఒకసారి. గాంధీపురంలో పెళ్ళికి ఒకసారి, అక్కతోపాటు పట్టుచీరల్లో ముగ్గురు ఆడవారిని యెక్కించుకొని. ట్రాకుకు ఒక్క రోజు. ఆ ఒక్క రోజు విలువ తక్కువని నేననను. ఆ రోజు కోసమే మిగతా రోజులు పనిచేసేవారు వున్నారు. కాని ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజుల బండిని విరగగొట్టుకుంటే, ఆ రోజుకు పోవటానికి కూడా బండి వుండదు.

చివరికి మావాడు చేసినది యిది. ఆరు లక్షల పాతికవేలతో ఆరు గాలిసంచులున్న మామూలు నాలుగు తలుపుల చిన్న కారు కొన్నాడు. దానికి మొదటి గడిలోని పనులు తప్ప యేవీ చేయనని తల్లికి మాట యిచ్చాడు. మిగిలిన డెబ్బై అయిదు వేలు బ్యాంకులో వేరే వేశాడు. ఏడాదికి నాలుగు ఆదివారాలు, అక్కడి బండిలో, శిక్షకుడి దగ్గర నేర్చుకోవటానికి. నిజంగా చేయి తిరిగితే అప్పుడు పోటీ లైసెన్సు మాట చూద్దామన్నాడు. మరో ముగ్గురు స్నేహితులతో కలిసి పాత హోండా సిటీ ఒకటి కొని, రోడ్డుకు రాకుండా ట్రాకుకే వుంచే ఆలోచన కూడా వున్నదని నా చెవిన పడింది. అది నాకు తెలియనట్టే వున్నాను. అది వేరే బండి, వేరే సొమ్ము, వేరే లెక్క. అందులో తప్పు నాకు కనిపించలేదు.

పోయిన వారం ఆ కారులో మధుర పోయాము. ముందు బావ, వెనుక అక్కా నేనూ. దిండిగల్ దాటాక రోడ్డు వెడల్పుగా, ఖాళీగా వున్నది. మావాడు వేగం పెంచుతాడేమోనని అక్క పైనున్న పిడి పట్టుకుంది. వాడు పెంచలేదు. చూపు మాత్రం రోడ్డు చివర వుంది. ఒక లారీ చెప్పాపెట్టకుండా అడ్డం వచ్చినప్పుడు ముందే పసిగట్టి, బావ ఒడిలోని నీళ్ళ చెంబు తొణకకుండా బండి నెమ్మదింపజేశాడు. చెట్టిపాళెంలో కట్టిన రుసుము ఆ క్షణంలో వసూలయింది.

మధురలో అమ్మను యెక్కించుకొని గుడికి తీసుకుపోయాము. తొంభైకి దగ్గరపడుతున్న మనిషి. దిగేటప్పుడు సీటు నిమిరి, "మెత్తగా వున్నది నాయనా. మీ మామ బండి అంత చప్పుడు లేదు" అంది. ఇరవై ఏడేళ్ళయినా ఆమె మరచిపోలేదు!

వచ్చే నెల మళ్ళీ వంటింటికే పోదామనుకుంటున్నాను. కార్ల సంగతి యింకా కావలసిన పిల్లలెవరైనా వుంటే మూడు గడుల కాగితం గీసుకొని, నెల డైరీతో సహా ఆఫీసు వేళ దాటాక మా యింటికి రావచ్చును. కాఫీ యిస్తాము.